సమాంతర రేఖ సమీకరణం: వాలు పక్షం, గుణకాల పక్షం

ఒక సరళరేఖ ఇస్తారు, ఒక బిందువు ఇస్తారు. ఆ బిందువు గుండా పోతూ ఇచ్చిన రేఖకు సమాంతరంగా ఉండే రేఖ సమీకరణం కనుక్కోమంటారు. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఇది రెండు మార్కుల ప్రశ్న. ప్రవేశ పరీక్ష రాసేవాళ్లకు అర నిమిషం పని. ఇంత చిన్న లెక్కకు సమీక్ష ఎందుకంటే, దీన్ని చేసే దారులు ఒకటికి నాలుగున్నాయి. ఒక్కో దారి వెనకా సమాంతరం అంటే ఏమిటన్న దానిపై ఒక్కో అభిప్రాయం దాగి ఉంది. ఒక ఉపాధ్యాయుడు వాలుతో మొదలుపెట్టమంటాడు. ఇంకొకరు స్థిరపదం మార్చేస్తే చాలంటారు. మూడో ఆయన సదిశలు రాకుండా ఇదంతా తాత్కాలికమేనంటాడు. ఈ మూడు మాటలూ ఎక్కడ పుట్టాయో, ఏది ఎంతవరకు నిలుస్తుందో, ఏవి ఇంకా తేలలేదో చూద్దాం.

పోల్చడానికి వీలుగా మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. రేఖ 3x − 4y + 7 = 0, బిందువు (2, −1).

సమీకరణానికి ముందు, తర్వాత

ఈ సమస్య నిరూపక జ్యామితి కంటే రెండు వేల ఏళ్లు పాతది. యూక్లిడ్ 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో 31వ ప్రతిపాదన అచ్చంగా ఇదే: ఇచ్చిన బిందువు గుండా ఇచ్చిన రేఖకు సమాంతర రేఖ గీయడం. బిందువు నుంచి రేఖకు ఒక తిర్యగ్రేఖ గీసి, అక్కడి కోణాన్ని బిందువు దగ్గర మళ్లీ నిర్మిస్తే పని అయిపోతుంది. అలాంటి రేఖ ఉందని చెప్పడానికి ఐదో స్వీకృతం అక్కర్లేదు. అది ఒక్కటే ఉంటుందని చెప్పాలంటే మాత్రం కావాలి. ఈ సంగతిని సూటిగా చెప్పే రూపం 1795లో జాన్ ప్లేఫెయిర్ ప్రచురించిన యూక్లిడ్ సంపుటంతో ప్రచారంలోకి వచ్చింది. మన పాఠ్యపుస్తకాలు 'ప్లేఫెయిర్ స్వీకృతం' అనేది దాన్నే.

డెకార్ట్ 1637లో 'లా జొమెట్రీ' వెలువరించగానే y = mx + c వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. ఆ పుస్తకంలో ఈనాటి రూపంలో సరళరేఖల పాఠం లేదు. అక్షాలు లంబంగా ఉండాలన్న నియమమూ లేదు. మొదటి తరగతి సమీకరణం సరళరేఖను సూచిస్తుందని స్పష్టంగా చెప్పినవాడు ఫెర్మా. ఆయన రచన దాదాపు అదే కాలానిదైనా అచ్చయింది 1679లో, ఆయన చనిపోయాక. సరళరేఖ సమీకరణాలను వరసగా వివరించిన ఘనత డచ్చి రాజనీతిజ్ఞుడు యాన్ ద విట్‌ది. ఒక బిందువు, ఒక వాలు ఇస్తే రేఖ రాసే రూపాన్ని 1780లలో ఫ్రాన్సులో గాస్పార్ మోంజ్ వాడాడు. మనం సర్వసాధారణమనుకునే వాలు–బిందు రూపం డెకార్ట్ తర్వాత దాదాపు ఒకటిన్నర శతాబ్దానికి గానీ రాలేదన్నమాట.

అక్షరాల సంగతి ఇంకా గమ్మత్తు. వాలుకు m రాయడం 1840ల ఇంగ్లిష్ పుస్తకాల్లో కనిపిస్తుంది. అంతరఖండానికి c అన్న అలవాటు 1855 నాటి టోడ్‌హంటర్ పుస్తకంలో ఉంది, మనకు ఆ దారినే అబ్బింది. అమెరికా పిల్లలు mx + b అంటారు, రష్యావాళ్లు kx + b, ఇటలీవాళ్లు mx + q. m ఎందుకు వచ్చిందో చెప్పే కథలు చాలానే తిరుగుతున్నాయి. వేటికీ ఆధారం లేదు.

వాలు పక్షం

ఈ పక్షం వాదన సూటిగా ఉంటుంది. సమాంతర రేఖలు క్షితిజ అక్షంతో ఒకే కోణం చేస్తాయి, కాబట్టి వాటి వాలులు సమానం. మన ఉదాహరణలో వాలు 3/4. బిందువు (2, −1) గుండా అదే వాలుతో y + 1 = (3/4)(x − 2). సవరిస్తే 3x − 4y − 10 = 0.

దీని బలం లెక్కలో కాదు, దాని చుట్టూ ఉన్న పాఠాల్లో ఉంది. వాలు అంటే మార్పు రేటు. ప్రమేయాలకూ, అవకలనానికీ, భౌతికశాస్త్రంలో స్థానభ్రంశం–కాలం గ్రాఫుకూ అదే తాళంచెవి. రెండు గ్రాఫులు సమాంతరంగా ఉన్నాయంటే రెండు వస్తువుల వేగం ఒకటేనని అర్థం. వక్రానికి ఒక రేఖకు సమాంతరంగా స్పర్శరేఖ గీయాల్సి వచ్చినప్పుడు వాలు ఇంకా బాగా అక్కరకొస్తుంది. y² = 4x పరావలయానికి మన రేఖకు సమాంతరమైన స్పర్శరేఖ కావాలంటే y = mx + 1/m లో m = 3/4 పెడితే చాలు, 9x − 12y + 16 = 0 వచ్చేస్తుంది.

బలహీనత కూడా అందరికీ తెలిసిందే. నిలువు రేఖకు వాలు లేదు. x = 3, x = 5 రేఖలు కళ్లెదుట సమాంతరంగా ఉన్నా 'వాలులు సమానం' అన్న నియమం వాటిని తాకలేదు. జాగ్రత్తగా రాసిన పుస్తకాలు 'నిలువు రేఖలు కాని' అన్న మినహాయింపు పెట్టి సూత్రం చెబుతాయి. గైడ్లు ఆ మినహాయింపును మింగేస్తాయి. విద్యార్థి 'వాలు అనంతం, అనంతం సమానం అనంతం' అని రాసి గట్టెక్కుతాడు. ఆ వాక్యానికి గణితంలో అర్థం లేదు, మార్కులు మాత్రం పడుతుంటాయి.

ఇంతకన్నా లోతైన అభ్యంతరం వేరే ఉంది. రేఖపై ఏ రెండు బిందువులు తీసుకున్నా వాలు ఒకటే ఎందుకు వస్తుంది? దీనికి జవాబు సరూప త్రిభుజాల్లో ఉంది. ఆ నిరూపణ దాటవేసి సూత్రం చేతికిచ్చే పుస్తకాలను బర్క్లీ గణితజ్ఞుడు హంగ్-సీ వు గట్టిగా విమర్శించారు. 2010లో అమెరికాలో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు ఎనిమిదో తరగతిలోనే ఆ వివరణ కోరాయి. హైస్కూలు స్థాయిలో సమాంతర రేఖల వాలు నియమాన్ని నిరూపించాకే సమీకరణాలు కనుక్కోవడానికి వాడమన్నాయి.

గుణకాల పక్షం

ఈ పక్షం వాలు జోలికే పోదు. ax + by + c = 0 కి సమాంతరమైన రేఖ ax + by + k = 0 రూపంలో ఉంటుంది. బిందువును ప్రతిక్షేపిస్తే k తెలుస్తుంది. 3(2) − 4(−1) + k = 0, కాబట్టి k = −10. ఆ మాత్రం శ్రమ కూడా వద్దనుకుంటే a(x − x₁) + b(y − y₁) = 0 అని నేరుగా రాసేయొచ్చు: 3(x − 2) − 4(y + 1) = 0. జవాబు అదే. భిన్నం లేదు, మినహాయింపు లేదు. x = 3 కి సమాంతరంగా (5, 2) గుండా పోయే రేఖ x = 5 అని ఏ గొడవా లేకుండా వస్తుంది.

మన దగ్గర కోచింగు తరగతులు ఈ దారినే పట్టాయి. 1895లో వచ్చిన ఎస్.ఎల్. లోనీ పుస్తకాన్ని నేటికీ ముందేసుకునే ఐఐటీ అభ్యర్థులకూ ఇది కొత్త కాదు. కోచింగు సంస్కృతిని తప్పుపట్టేవాళ్లు దీన్ని 'షార్ట్‌కట్' అని తీసిపారేస్తారు. అది అన్యాయం. వేగం దీని ఉప ఫలితం మాత్రమే. అసలు విషయం ఏమిటంటే a, b గుణకాలు రేఖ దిశను మోస్తాయి, c దాని స్థానాన్ని మోస్తుంది. సమాంతరంగా జరపడమంటే c ని మార్చడం. ఈ విభజన వాలు రూపంలోనూ ఉంది గానీ, అక్కడ m అనే ఒక్క భిన్నంలోకి a, b లను కుదించడంతో నిలువు రేఖ జారిపోయింది.

ఇంకో మెరుగుంది, దాన్ని పుస్తకాలు అరుదుగా చెబుతాయి. వాలును కోణపు టాంజెంటుగా చదవాలంటే అక్షాలు లంబంగా ఉండాలి, రెంటిపైనా కొలమానం ఒకటే కావాలి. గుణకాల నియమానికి రెండూ అక్కర్లేదు. అక్షాలు 60 డిగ్రీల కోణంలో ఉన్నా ax + by + k = 0 కుటుంబం సమాంతర రేఖలదే. సమాంతరతకు కోణమానిని, కొలబద్ద రెండూ అవసరం లేదన్న జ్యామితీయ సత్యం ఈ రూపంలోనే తేటగా కనిపిస్తుంది.

దూరం అడిగినప్పుడే కొలబద్ద వస్తుంది. 3x − 4y + 7 = 0 నుంచి 2 యూనిట్ల దూరంలోని సమాంతర రేఖలు కావాలంటే |k − 7|/5 = 2. k విలువ 17 లేదా −3, అంటే చెరో వైపు ఒకటి. ఇక్కడ విద్యార్థులు పడే గుంట ఒకటుంది. 3x − 4y + 7 = 0, 6x − 8y + 5 = 0 ల మధ్య దూరం అడిగితే నేరుగా 7 లోంచి 5 తీసేస్తారు. మొదటిదాన్ని 6x − 8y + 14 = 0 గా మార్చాకే తీసివేత. దూరం 9/10.

గుణకాల పక్షానికీ మచ్చ ఉంది, అదీ పదో తరగతి పుస్తకంలోనే. అక్కడ రెండు రేఖలు సమాంతరం కావడానికి షరతు a₁/a₂ = b₁/b₂ ≠ c₁/c₂. 2x + 3y = 5, 2x + 3y = 0 తీసుకోండి. సమాంతరమే, కానీ మూడో నిష్పత్తిలో హారం సున్నా కావచ్చు. x = 3, x = 5 తీసుకుంటే రెండో నిష్పత్తి సున్నా బై సున్నా. వాలు పక్షంలో భిన్నం చేసిన తప్పే ఇక్కడ నిష్పత్తి వేషంలో మళ్లీ వచ్చింది. a₁b₂ − a₂b₁ = 0 అని లబ్ధాల్లో రాస్తే, నిర్ధారకం అనకపోయినా, ఈ బెడద పోతుంది. సరళరేఖాయుగ్మాల అధ్యాయంలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. ax² + 2hxy + by² + 2gx + 2fy + c = 0 సూచించే సమాంతర రేఖాయుగ్మం మధ్య దూరానికి 2√((g² − ac)/(a(a + b))) సూత్రం a సున్నా అయితే పనిచేయదు. y² − 5y + 6 = 0 సూచించే y = 2, y = 3 రేఖలకు f, b లతో రాసిన జంట రూపం, అంటే 2√((f² − bc)/(b(a + b))) వాడాలి. దూరం 1 వస్తుంది.

సదిశ పక్షం

మూడో పక్షం రేఖను బిందువు, దిశ అనే జంటగా చూస్తుంది. మన రేఖ దిశ (4, 3). కొత్త రేఖపై బిందువులు x = 2 + 4t, y = −1 + 3t. సమతలంలో దీనివల్ల ఒరిగేది స్వల్పమే, పైగా సమీకరణం ఒకటికి రెండయింది. దీని అసలు బలం త్రిపరిమాణంలో బయటపడుతుంది. అక్కడ వాలు అనే భావనే లేదు. ఒక మొదటి తరగతి సమీకరణం రేఖను కాదు, తలాన్ని ఇస్తుంది. దిక్ నిష్పత్తులు అనుపాతంలో ఉండటం ఒక్కటే సమాంతరతకు మిగిలే పరీక్ష. 'ఎప్పటికీ కలవని రేఖలు' అన్న నిర్వచనం కూడా అక్కడ చాలదు. గది పైకప్పు మీద తూర్పు పడమరలుగా పోయే దూలం, నేల మీద ఉత్తర దక్షిణాలుగా గీసిన గీత ఎన్నటికీ కలవవు, సమాంతరమూ కావు. అందుకే యూక్లిడ్ తన 23వ నిర్వచనంలో 'ఒకే తలంలో' అన్న మాట ముందే పెట్టాడు.

అనంతంలో కలిసేవి

నాలుగో దృష్టి బడిలో వినిపించదు, పై వాదాలను కలిపేది మాత్రం అదే. 1818లో గాబ్రియేల్ లామే, తర్వాత 1820లలో బోబిలియే, ప్లూకర్ వంటివాళ్లు రెండు రేఖల ఖండన బిందువు గుండా పోయే రేఖలన్నిటినీ L₁ + λL₂ = 0 గా రాసే పద్ధతిని పెంచారు. సజాతీయ నిరూపకాలు వచ్చాక సమీకరణం ax + by + cz = 0 అయింది. అందులో z = 0 అనంతంలోని రేఖ. ఇప్పుడు ax + by + cz + λz = 0 రాయండి. స్థిరపదం మార్చే మన k పద్ధతే అది! ఇచ్చిన రేఖ, అనంతరేఖ కలిసే (b, −a, 0) బిందువు గుండా పోయే రేఖల కుటుంబమే సమాంతర రేఖల కుటుంబం. పిల్లలు షార్ట్‌కట్ అని నేర్చుకున్నది ప్రక్షేప జ్యామితిలో ఒక సాధారణ సిద్ధాంతపు ప్రత్యేక సందర్భం.

పక్కపక్కన పెడితే

నిలువు రేఖల పరీక్షలో వాలు ఓడిపోతుంది, మిగతావి గెలుస్తాయి. దూరం ప్రశ్నల్లో గుణకాలది పైచేయి. అభిలంబ రూపంలోకి మారిస్తే, హెస్సె పేరుతో పిలిచే ఆ రూపంలో, దూరం స్థిరపదాల తేడాగా నేరుగా చదవొచ్చు. స్పర్శరేఖల్లో ఫలితం మిశ్రమం. పరావలయానికి వాలు చురుకైనది. వృత్తానికి x² + y² = 25 తీసుకుంటే, మన రేఖకు సమాంతర స్పర్శరేఖలు 3x − 4y ± 25 = 0 అని గుణకాల నుంచి ఒక్క గీతలో వస్తాయి. వాలు సూత్రం వాడితే నిలువు స్పర్శరేఖలు x = ±5 మళ్లీ తప్పిపోతాయి. త్రిపరిమాణంలో సదిశలకు పోటీ లేదు. అవకలనంలో వాలుకు పోటీ లేదు.

తరగతి గది బయట ఈ పోటీకి ఒక తీర్పు ఇదివరకే వచ్చింది. ఫొటోల్లోంచి సరళరేఖలను యంత్రం చేత పట్టించే పద్ధతికి పాల్ హఫ్ 1962లో అమెరికా పేటెంటు పొందాడు. అందులో రేఖను వాలు, అంతరఖండాలతో గుర్తించారు. రేఖ నిలువుకు దగ్గరవుతున్నకొద్దీ వాలు హద్దు లేకుండా పెరిగిపోతుంది, దాన్ని ఏ పట్టికలో ఇమడ్చాలి? 1972లో డ్యూడా, హార్ట్ ఆ జంటను తీసేసి అభిలంబ రూపంలోని కోణం, దూరం పెట్టారు. నేటికీ వాడుకలో ఉన్నది ఆ రూపమే. అందులో సమాంతర రేఖలంటే కోణం ఒకటే ఉన్న రేఖలు.

ఏది ముందు నేర్పాలి

అన్ని కొలతలూ చూశాక నా మొగ్గు గుణకాల వైపే. సమాంతరతకు సహజమైన ఇల్లు సాధారణ రూపం. వాలు అక్కడికి వచ్చే అతిథి. అలాగని వాలును వెనక్కి నెట్టమనడం లేదు. చిక్కంతా రెండింటినీ ఒకదానికొకటి తెలియకుండా నేర్పడంలో ఉంది. మన పిల్లలు రేఖీయ సమీకరణాల జత అధ్యాయంలో గుణకాల షరతు నేర్చుకుంటారు, సరళరేఖల అధ్యాయంలో వాలు షరతు నేర్చుకుంటారు. వాలు −a/b కాబట్టి a₁b₂ = a₂b₁ అంటే వాలుల సమానత్వమేనని కలిపే వాక్యం చాలామందికి ఎవరూ చెప్పరు.

1959లో ఫ్రాన్సులోని రోయోమోంలో జరిగిన సదస్సులో జాఁ ద్యూదొన్నె యూక్లిడ్‌ను బడి నుంచి సాగనంపి, సదిశలతోనే జ్యామితి నేర్పాలని వాదించాడు. ఆ ఊపులో ఫ్రాన్సు చేసిన సంస్కరణ అతిగా అమూర్తమై వెనక్కి తగ్గాల్సి వచ్చింది. సదిశ పక్షం గణితపరంగా ఎంత శుద్ధమైనదైనా మొదటి మెట్టుగా పనికిరాదని ఆ అనుభవం చెబుతోంది.

ఇంకా తేలనివి

మొదటిది నిరూపణ. వాలులు సమానమైతే రేఖలు సమాంతరమని పుస్తకాలు సదృశ కోణాలతో చూపుతాయి. బీజగణితంతో ఇంకా తేలిక: y = mx + c₁, y = mx + c₂ రేఖలకు ఉమ్మడి బిందువుంటే c₁ = c₂ కావాలి. వాలులు వేరైతే x = (c₂ − c₁)/(m₁ − m₂) దగ్గర కలుస్తాయి. కోణం ప్రసక్తే లేదు. అయితే ఐదో స్వీకృతం ఎక్కడికి పోయింది? నిరూపక తలాన్ని ఎంచుకున్నప్పుడే దాన్ని లోపలికి తెచ్చుకున్నాం. k కు ఒకే విలువ వస్తుందన్న మాటే ప్లేఫెయిర్ స్వీకృతం. లొబచెవ్‌స్కీ (1829), బోల్యాయ్ (1832) చూపిన జ్యామితిలో ఇది చెల్లదు. ఆ జ్యామితికి నమూనా అయిన ప్వాంకరే అర్ధతలంలో నిలువు గీతలూ, x-అక్షం మీద కేంద్రమున్న అర్ధవృత్తాలూ రేఖలు; అక్కడ x = 0 ను రేఖగా, (1, 1) ని బిందువుగా తీసుకుంటే, x = 1 తో పాటు, ఆ బిందువు గుండా పోయే అర్ధవృత్తాల్లో కేంద్రం (h, 0) లో h విలువ 1 కి తగ్గని ప్రతిదీ x = 0 ను తాకకుండా ఉంటుంది. కాబట్టి నిరూపక పద్ధతి సమాంతరతను నిరూపిస్తోందా, నిర్వచిస్తోందా అన్నది బోధనలో ఇప్పటికీ దాటవేసే ప్రశ్నే.

రెండోది కంప్యూటరు. y = 0.3x, y = (0.1 + 0.2)x + 1 రేఖలు సమాంతరమా? కాగితం మీద ఔను. మామూలు ద్వియాంశ ఫ్లోటింగ్-పాయింట్ గణనలో 0.1 + 0.2 కచ్చితంగా 0.3 కాదు, కాబట్టి ప్రోగ్రాము కాదంటుంది. a₁b₂ − a₂b₁ సున్నాకు 'తగినంత దగ్గర' అయితే చాలనుకుందాం. ఎంత దగ్గర? అభిలంబ రూపంలో పెడితే ఆ విలువ రెండు రేఖల మధ్య కోణపు సైన్ అవుతుంది, దానికి కనీసం ఒక అర్థముంటుంది. హద్దు ఎక్కడ గీయాలన్నది మాత్రం పనిని బట్టి మారుతూనే ఉంటుంది. భిన్నాలను భిన్నాలుగానే ఉంచి లెక్కించడం ఒక పరిష్కారం, వర్గమూలాలు వచ్చేదాకా.

మూడోది అన్నిటికన్నా పాతది. ఒక రేఖ తనకు తానే సమాంతరమా? యూక్లిడ్ ప్రకారం కాదు. ఉన్నత జ్యామితిలో చాలామంది ఔనంటారు. అలా అంటేనే సమాంతరత తుల్య సంబంధం అవుతుంది, దిశ అనే మాటకు అర్థం వస్తుంది, k అన్ని విలువలూ తీసుకోగలుగుతుంది. పదో తరగతిలో సాధన లేని జతను, అనంత సాధనలున్న జతను వేరుచేయాలి కాబట్టి అక్కడ కాదనడమే మేలు. రెండు నిర్వచనాలూ సమంజసమే. ఒకే విద్యార్థి చేతిలో రెండూ ఉండి, ఏది ఎక్కడ చెల్లుతుందో చెప్పకపోవడమే సమంజసం కాదు.

2x + 3y = 5 కి సమాంతరంగా (1, 1) గుండా పోయే రేఖ సమీకరణం కనుక్కోమని అడిగితే k పద్ధతి 2x + 3y − 5 = 0 ఇస్తుంది, అంటే ఇచ్చిన రేఖే. బిందువు ఆ రేఖ మీదే ఉంది. అదే జవాబని రాసిన విద్యార్థీ, అలాంటి రేఖ లేదని రాసిన విద్యార్థీ ఇద్దరూ ఒక్కో పుస్తకం ప్రకారం ఒప్పే. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు బిందువును ముందుగా సమీకరణంలో ప్రతిక్షేపించి చూసుకోవాలి. పాఠ్యపుస్తకం రాసేవాళ్లు సరళరేఖల అధ్యాయం మొదటి పేజీలోనే తమ నిర్వచనం ఏదో ఒక వాక్యంలో రాయాలి.